ఎవరి చోటు?

2023 మే నెలలో మా అమ్మాయినీ, మా చెల్లెలి కొడుకునీ వెంటబెట్టుకుని సికింద్రాబాదు నించి రైల్లో ఢిల్లీ వెళ్లాను. అక్కడ నాకొక సెమినార్ ఉంది. పిల్లలకి సెలవులు. అమ్మాయికి పదహారేళ్లు, వాడికి పధ్నాలుగు. విమానంలో అయితే రెండు గంటల పని. రైల్లో 1,600 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఇంచుమించు 25 గంటలు. అయినా నేనే పట్టుబట్టి రైలన్నాను. ఏసీలో వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంది. స్లీపర్లో మూడు బెర్తులు దొరికాయి. ఒకటి కింద, ఒకటి మధ్య, ఒకటి పైన.

ఎందుకు పట్టుబట్టానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రెండేళ్లుగా మా ఇంట్లో ఒక తలుపు మూసి ఉంటోంది. అన్నానికి పిలిస్తే తెరుచుకుంటుంది, తినగానే మూసుకుంటుంది. ఆ వయసుకి ఆ తలుపు అవసరమని నాకు తెలుసు. నేను పెరిగిన రెండు గదుల ఇంట్లో అలాంటి తలుపు నాకు లేదు, అందుకని దాని విలువ ఇంకా బాగా తెలుసు. అయినా తలుపుకివతల నిలబడ్డప్పుడు నాకూ దిగులేస్తుంది. రైల్లో తలుపుండదు కదా, ఒక పగలూ ఒక రాత్రీ ఎదురెదురుగా కూచుంటే ఏదో ఒకటి మాట్లాడకుండా ఉంటామా అని ఆశపడ్డాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ సెమినార్‌కి నేను రాసుకెళ్తున్న పేపరు స్త్రీల ప్రయాణాల గురించి.

బండి కదలగానే పిల్లలిద్దరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు. కాజీపేట దాటేదాకా వాటిని తియ్యలేదు. నేను పులిహోర డబ్బా తీశాను. "ఇప్పుడే వద్దు" అన్నారు. అరగంటకి సమోసాలవాడు వస్తే ఇద్దరూ చెరో రెండు తిన్నారు. రామగుండం దగ్గర విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు చూపించాను. వాడు తలెత్తి చూసి "ఊఁ" అన్నాడు. అమ్మాయి చూడనే లేదు. ఎండ ముదురుతోంది. కిటికీలోంచి వచ్చే గాలి పొయ్యి ముందు కూచున్నట్టుంది.

అప్పటికే నేను చాలా పనులు చేసేశానని ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది. ఎక్కీ ఎక్కగానే "నువ్వు పైబెర్తు తీసుకోమ్మా" అన్నాను. అమ్మాయికి కిటికీ పక్కన కూచోవడం ఇష్టం. కానీ పైన అయితే వచ్చే పోయే వాళ్ల చెయ్యీ చూపూ తగలవని నా లెక్క. వాడికేమో మధ్య బెర్తు. సీసాలో నీళ్లు అయిపోతే వాణ్ణి దింపాను. పిల్ల లేవబోతుంటే "నువ్వుండు" అన్నాను. అది వేసుకున్న టీ షర్టు చూసి, బ్యాగులోంచి నా చున్నీ తీసి పక్కన పెట్టాను. వేసుకోమని అనలేదు. పక్కన పెట్టానంతే. అది చున్నీ వైపు చూసింది, నావైపు చూసింది, చుట్టచుట్టి తలకింద దిండులా పెట్టుకుంది.

బల్హార్షా రాకముందు పైనించి దిగి నా చెవిలో "వచ్చింది" అంది. నేను బ్యాగు అడుగున న్యూస్‌పేపర్లో చుట్టి, దాన్ని మళ్లీ నల్ల కవర్లో పెట్టిన ప్యాకెట్టు తీశాను. "నువ్వు కూడా వెళ్లు, తలుపు దగ్గర నిలబడు" అని తమ్ముణ్ణి లేపాను. ఇద్దరూ వెళ్లారు. ఇద్దరూ కోపంగా తిరిగొచ్చారు.

"గడియ బాగానే ఉందమ్మా. వీణ్ణెందుకు పంపించావు?" అంది.

"పెద్దమ్మా, ప్రతిసారీ నన్నే పంపిస్తావు. అక్క నన్ను తిడుతోంది" అన్నాడు వాడు.

"తోడుంటాడని" అన్నాను.

"నాకంటే రెండేళ్లు చిన్నవాడు. వీడు నాకు తోడేంటి? ఆ నల్ల కవరెందుకు? అందులో ఏముందో వీడికి తెలీదా? వీళ్ల బయాలజీలో ఉంది."

వాడు సిగ్గుపడలేదు. "మా అమ్మకి షాపులో నేనే తెస్తాను పెద్దమ్మా" అన్నాడు మామూలుగా. సిగ్గుపడింది నేనొక్కదాన్నే.

నా వయసు వాళ్లం రైల్లో నీళ్లు తాగకుండా పెరిగాం. ఇంట్లోంచి బయల్దేరే ముందే తాగడం మానేసి, దిగాక తాగేవాళ్లం. నెల వచ్చిన రోజుల్లో ప్రయాణమంటే గుడ్డలు, వాటిని చుట్టడానికి ఇంకో గుడ్డ, వాసనొస్తుందేమోనని భయం. అప్పట్లో రైలు దొడ్డిలోంచి అన్నీ పట్టాల మీదే పడేవి. వాటిని ఎత్తిన చేతులు ఏ కులాలవో మనకి తెలుసు. మన సిగ్గు గురించి చాలా మాట్లాడుకున్నాం గానీ ఆ చేతుల గురించి తక్కువే మాట్లాడుకున్నాం. ఇప్పుడు పెట్టెల్లో బయో టాయిలెట్లు వచ్చాయి. వాటిలో ప్యాడ్ వేస్తే మూసుకుపోతుంది, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వెయ్యాలి. ఈ సంగతి నాకు మా అమ్మాయే చెప్పింది. తమ్ముడు వింటుండగా, గొంతు తగ్గించకుండా చెప్పింది.

నాగపూర్‌లో బండి ఆగింది. మధ్యాహ్నం మూడయింది. నాగపూర్ అంటే నాకు భండారు అచ్చమాంబ గుర్తొస్తుంది. బడికి వెళ్లని మనిషి. తన దగ్గరుండి చదువుకున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుతోపాటు తనూ అక్షరాలు నేర్చుకుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1902లో బందరులో స్త్రీ సమాజం పెట్టింది. 1905లో ముప్ఫయ్యేళ్లకే పోయింది. ఈ ఎండల్లో, ఈ దారుల్లో ఆవిడ రైళ్లెక్కి ఊళ్లు తిరిగి ఆడవాళ్లని కూడగట్టింది అని పిల్లలకి చెప్పాను. అమ్మాయి ఈసారి ఇయర్‌ఫోన్ తీసి విన్నది.

"ఒక్కత్తే తిరిగేదా?" అని అడిగింది.

"ఏమో, ఎవరో ఒకరు తోడుండే ఉంటారు."

"అయితే నేను దిగి ఆరెంజ్ బర్ఫీ తెస్తాను. ఇక్కడ బాగుంటుందట."

"బండి కదిలిపోతుంది. తమ్ముణ్ణి పంపుదాం" అన్నాను.

అది మళ్లీ ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. వాడు దిగి బర్ఫీ తెచ్చాడు. అది ముట్టుకోలేదు.

నాగపూర్‌లో మా ఎదుటి సైడ్ లోయర్‌కి ఒకాయన ఎక్కాడు. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు. ఎక్కగానే నాకు నమస్కారం పెట్టాడు. ఏం చేస్తారని అడిగి, పాఠాలు చెబుతానంటే "చాలా మంచి వృత్తి" అన్నాడు. తన కూతురు కూడా ఇంజనీరింగ్ చదువుతోందన్నాడు. నాకు ధైర్యంగా అనిపించింది. మర్యాదస్తుడు పక్కనున్నాడు, రాత్రి భయం లేదు అనుకున్నాను. ఆ ధీమాతోనే మధ్యాహ్నం ఒక గంట నిద్రపోయాను. ఎండకి పైబెర్తు మీద ఉడికిపోతోందని అమ్మాయి కూడా కిందికి దిగి నా కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకుంది.

చీకటి పడ్డాక నర్మద దాటాం. అవతలి బేలోంచి ఒకామె కిటికీలోంచి నదిలోకి నాణెం విసిరింది. భోపాల్ దాటాక చపాతీలు తిన్నాం. ఈసారి ఇద్దరూ డబ్బా ఖాళీ చేశారు. పదింటికి మధ్య బెర్తు ఎత్తి తగిలించాలి, ఇంకా కాసేపు టైముంది. అమ్మాయి చేతిలో పుస్తకం ఉంది. ఉన్నట్టుండి పుస్తకం మూసి, లేచి, ఆయన ఎదురుగా నిలబడింది.

"అంకుల్, మీ ఫోన్ చూపించండి" అంది హిందీలో.

"ఎందుకు బేటీ?"

"మీరు నా ఫొటోలు తీస్తున్నారు. మధ్యాహ్నం నించి చూస్తున్నాను. చూపించండి."

ఆయన నవ్వాడు. కిటికీ ఫొటో తీశానన్నాడు. చుట్టుపక్కల వాళ్లు తలలు తిప్పారు. అప్పుడు నేను చేసిన పని రాయడానికి నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది. నేను దాని మోచెయ్యి పట్టుకుని లాగాను. "ష్, ఊరుకో. పొద్దున్నే దిగిపోతాం. నువ్వు పైకెక్కి పడుకో" అన్నాను.

అది ఆయన్ని వదిలేసి నావైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. అందులో కోపమైనా ఉంటే బావుండేది. నువ్వూనా అన్నట్టు చూసింది.

మా ఎదుటి బెర్తులో ఒక ముసలామె ఉంది. ముతక చీర, కాళ్లకి వెండి కడియాలు. పొద్దుట్నించీ మాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె లేచి కూచుని "చూపించవయ్యా. కిటికీయే అయితే నీకేం పోయింది?" అంది. ఇంకో ఇద్దరు "చూపించండి, చూపించండి" అన్నారు. మా వాడు లేచి నిలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి గానీ ఆయన మీదికి వెళ్లలేదు. "139కి ఫోన్ చెయ్యనా అక్కా?" అని దాన్నే అడిగాడు.

"ఆగు, ముందు చూడనీ" అంది అది.

ఆయన ఫోన్ తీశాడు. కిటికీ ఫొటో ఒకటి ఉంది. తక్కినవి మా అమ్మాయివి. నిద్రపోతున్నవి, చదువుకుంటున్నవి. ఒకదాంట్లో నేను కూడా ఉన్నాను, నోరు కొద్దిగా తెరిచి, చీరకొంగు జారి, ఆ మర్యాదస్తుడి మీద భరోసాతో నిద్రపోతూ.

అమ్మాయి దగ్గరుండి ఒక్కొక్కటీ తీసేయించింది. నేను అంతటితో అయిపోయిందనుకున్నాను. "ఇప్పుడు డిలీటెడ్ ఫోల్డర్ తెరవండి" అంది. తీసేసిన ఫొటోలు ఫోన్లో ఇంకోచోట కొన్నాళ్లు దాగి ఉంటాయన్న సంగతి నాకు తెలీదు. ఆయనకి తెలుసు. మొహం మాడ్చుకుని అవి కూడా తీసేశాడు. తర్వాత బ్యాగు తీసుకుని వేరే పెట్టెలోకి పోయాడు. మా వాడు అక్క ఊఁ అన్నాక 139కి ఫోన్ చేసి పెట్టె నంబరూ బెర్తు నంబరూ చెప్పాడు. తర్వాతి స్టేషన్లో రైల్వే పోలీసులొచ్చి వివరాలు రాసుకున్నారు. సంతకం ఎవరు పెడతారన్నారు. అమ్మాయి మైనరు కాబట్టి నేను పెట్టాను. ఆ రాత్రి నేను చేసిన పని అదొక్కటే.

లైట్లు ఆరిపోయాయి. నిద్ర పట్టలేదు. కొంచెంసేపటికి అమ్మాయి పైనించి దిగి నా పక్కన కూచుంది. ఇంట్లో మూసి ఉండే తలుపు అప్పుడు తెరుచుకుంది.

"నాకు ఆయన మీద కన్నా నీ మీద ఎక్కువ కోపమొచ్చిందమ్మా" అంది.

"తెలుసు."

"క్లాసులో వేరేగా చెప్తావు కదా? నీ పేపర్లో ఏం రాశావు?"

చెప్పాను. మన దేశంలో 1890 రైల్వే చట్టం ప్రతి పాసింజరు బండిలోనూ అట్టడుగు తరగతిలో ఆడవాళ్లకి కనీసం ఒక కంపార్ట్‌మెంటు ప్రత్యేకించాలంది. బండి 50 మైళ్లకి మించి పోయేదైతే వాళ్ల కంపార్ట్‌మెంటుకి మరుగుదొడ్డి ఉండాలంది. 1989లో వచ్చిన చట్టంలోనూ ఆడవాళ్లకి విడిగా కంపార్ట్‌మెంటు గానీ కొన్ని బెర్తులో సీట్లో గానీ ఉండాలనీ, మగవాళ్లు అందులోకి చొరబడితే శిక్ష అనీ ఉంది. ఇది మంచిదే, ఎందరో ఆడవాళ్లు దానివల్లే బయల్దేరగలిగారు. కానీ దాని వెనక పరదా కూడా ఉంది, ఇంటి పరువు భయం కూడా ఉంది. రొకేయా సఖావత్ హుస్సేన్ బెంగాలీలో రాసిన 'అవరోధ్‌బాసినీ' 1931లో వచ్చింది. అందులో ఒక సంఘటన ఉంది. రైలు మారుతూ ఒకామె బురఖా తట్టుకుని పట్టాల మీద పడిపోయింది. కూలీలు లేవదీయబోతే, పరాయి మగవాళ్లు ముట్టుకోకూడదని వెంట ఉన్న దాసీ అడ్డుపడింది. దాసీ ఒక్కత్తీ లేపలేకపోయింది. కాసేపు ఆగిన రైలు కదిలింది. ఆమె చచ్చిపోయింది. ఆమెని కాపాడాలనే అందరూ చూశారు. ఎవరూ లేవదీయలేదు.

అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీకెప్పుడూ ఇలా కాలేదా?" అని అడిగింది.

ముప్ఫయ్యారేళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఆ చీకట్లో దానికి చెప్పాను. 1987లో బెజవాడ నించి సికింద్రాబాదు వస్తున్నాం, అమ్మా, పిన్నీ, నేనూ. పగటి బండి. నాకు పదిహేనేళ్లు. పక్కనున్న మనిషి పేపరు చదువుతున్నట్టు పట్టుకుని, దాని చాటున మోచెయ్యి నాకు ఆనించేవాడు. నేను జరిగితే తనూ జరిగేవాడు. కిటికీ ఊచలు తగిలేదాకా జరిగాను. ఇంక జరగడానికి చోటు లేదు.

"అమ్మమ్మకి చెప్పావా?"

"చెప్పక్కర్లేకపోయింది. అమ్మ చూసింది."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. లేచి నన్ను తన చోట్లో కూచోబెట్టి, తను నా చోట్లో కూచుంది. దిగేదాకా అలాగే కూచుంది."

"అంటే వాడి చోటు మారలేదన్నమాట" అంది మా అమ్మాయి.

నేనా సంగతి అలా ఎప్పుడూ చూడలేదు. అమ్మ నన్ను కాపాడిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అది అబద్ధం కాదు. అమ్మ తన ఒంటిని అడ్డం పెట్టింది, ఆవిడ చేతిలో ఉన్నది అదొక్కటే. నాన్నకి తెలిస్తే నా చదువే ఆగిపోయేదని ఆవిడకి తెలుసు. నోరు విప్పకుండా నా కాలేజీని దక్కించింది. కానీ ఆ మనిషి సికింద్రాబాదు దాకా తన చోట్లో తను కూచుని పేపరు చదువుకున్నాడు. ఆ రోజు అమ్మా నేనూ చోట్లు మారాం. పొద్దున అమ్మాయికి పైబెర్తు ఇచ్చినప్పుడూ, చున్నీ పక్కన పెట్టినప్పుడూ, "నువ్వు పైకెక్కి పడుకో" అన్నప్పుడూ నేను చేసింది అదే. అమ్మకి గత్యంతరం లేదు. నాకు ఉంది. ఉద్యోగం ఉంది, చట్టం తెలుసు, నోట్లో మాట ఉంది. అయినా చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం దాని మోచెయ్యి పట్టుకుంది.

మధ్య బెర్తు మీంచి మా వాడు "నేను కూడా వింటున్నాను పెద్దమ్మా" అన్నాడు. ఇంతకీ వాడూ నిద్రపోలేదు. "నేను వాణ్ణి కొట్టాల్సిందా?" అని అడిగాడు. "వద్దు, నువ్వు చేసింది కరెక్ట్" అంది అక్క. వాడి ప్రశ్న నన్ను ఇంకా వెంటాడుతోంది. మగపిల్లవాడికి రైల్లో మేమిచ్చిన పని కాపలా ఒక్కటే. కాపలా కాయకపోతే చేతకానివాడు, కాస్తే అక్కకి యజమాని. పక్కన నిలబడి "ఏం చెయ్యమంటావు?" అని అడగడం ఒకటుందని వాడికి మేమెవరం నేర్పలేదు. ఎక్కడ నేర్చుకున్నాడో తెలీదు. నేర్చుకున్నాడు.

తెల్లారి ఢిల్లీలో దిగేటప్పుడు ఆ ముసలామె మా అమ్మాయి గడ్డం పట్టుకుని ఏదో అంది. ఆమె భాష మాకు పూర్తిగా అర్థం కాలేదు. సెమినార్‌లో నా పేపరు చదివాను. బాగుందన్నారు. కాయితాల్లో లేని ఒక పేరా చివర కలిపి చెప్పాను. అప్పుడు గొంతు కొంచెం వణికింది.

పది రోజుల తర్వాత అదే దారిన వెనక్కి వచ్చాం. ఈసారి బెర్తులు ఎవరికేది కావాలో వాళ్లిద్దరే తేల్చుకున్నారు. కిటికీ అమ్మాయిది, పైబెర్తు వాడిది. నాగపూర్ వచ్చింది. వాడు నిద్రపోతున్నాడు. అమ్మాయి ఖాళీ సీసా తీసుకుని నావైపు చూసింది. నేను డబ్బులు తీసి దాని చేతిలో పెట్టాను. "బర్ఫీ కూడా తే" అన్నాను.

అది దిగి జనంలో కలిసిపోయింది. ఎర్ర టీ షర్టు కాసేపు కనిపించి తర్వాత కనిపించలేదు. నేను కిటికీ ఊచలు పట్టుకుని కూచున్నాను. గుండె దడదడలాడుతూనే ఉంది. ఒక్క పుస్తకం కూడా ఆ దడని తగ్గించలేదు. వాణ్ణి లేపి పంపుదామని చెయ్యి ఒకసారి పైబెర్తు దాకా వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను.

కూత వేసింది. బండి కదలబోతుండగా అది తలుపు దగ్గర ఎక్కి, సీసా ఊపుకుంటూ నడిచొచ్చింది. ఎందుకింత ఆలస్యమైందని నేను అడగలేదు. బర్ఫీ పొట్లం విప్పి మొదటి ముక్క నాకిచ్చింది. తర్వాత కిటికీ పక్క తన చోట్లో కూచుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.